మూడు మిల్లీమీటర్లు

తాళ్ళకోడు మీద వంతెన కట్టినప్పుడు
లారీ అంటే ఆరు చక్రాలు, ముందుకి పొడుచుకొచ్చిన ముక్కు.
ఇప్పటి పద్నాలుగు చక్రాల బండి
అవతలి తారురోడ్డు మీదే ఆగిపోయేది,
చెప్పులు విడిచి లోపలికి రమ్మంటే
గుమ్మంలోనే మొహమాటపడే పెద్దమనిషిలా.

ఇవతల మేం.
ఏడుగురం, ఒక కాటా, రెండు కొక్కేలు,
పురికొస, దబ్బనం.
దాళ్వా బొండాలు కళ్ళంలో ట్రాక్టరుకి ఎత్తేవాళ్ళం.
వంతెన దాటాక దింపేవాళ్ళం.
మళ్ళీ లారీకి ఎత్తేవాళ్ళం.
నలభై కిలోల బస్తా
మిల్లు ముఖం చూసేలోపు
మూడుసార్లు నా మెడ వాసన చూసేది.

రెండో ఎత్తుడుకి బస్తాకి తొమ్మిది రూపాయలు.
ఇచ్చేది లోవరాజు. పుచ్చుకునేది మా ముఠా.
కౌలు పోను, మందులు పోను, కోత మిషను పోను
ఆ తొమ్మిది ఎక్కణ్ణించి తీసేవాడో
నేనడగలేదు, అతను చెప్పలేదు.
ఇద్దరం ఒకే బీడీకట్టలోంచి కాల్చేవాళ్ళం.

పోయినేడు వైశాఖంలో
లారీ రాని మూడోనాటి రాత్రి, వాన.
వంతెన మొగన నాలుగొందల బస్తాలు, పదకొండు బరకాలు.
గాలికి లేచిపోకుండా
ఒక బరకం కొస మీద నా బరువంతా వేసి కూర్చున్నాను.
తెల్లారేసరికి అడుగువరస బస్తాలో
గోనె కన్నంలోంచి తెల్లటి మొలకొకటి తొంగిచూసింది.
లోవరాజు దాన్ని గిల్లలేదు.
వేలితో మళ్ళీ లోపలికి నెట్టాడు,
ఎవరైనా చూస్తారేమోనన్నట్టు.

అర్జీలు వెళ్ళాయి.
ఇరిగేషనోళ్ళు ఆర్ అండ్ బీ అన్నారు.
ఆర్ అండ్ బీ వాళ్ళు పంచాయతీరాజ్ అన్నారు.
కోడు ఒక్కటే, నాది కాదనకుండా పారింది.

చివరికి ఈ మాఘంలో జీపొచ్చింది.
ఏఈ మేడమ్ పేరు షంషాద్.
వంతెన కింద వెదురు పరంజా కట్టించి
గడియారంలాంటి ముల్లొకటి
దూలం పొట్టకి ఆనించింది.
పైన మూడు లారీల ఇసుక బస్తాలు.
అవి ఎత్తిందీ మేమే, రోజుకూలీకి.
ఒక పగలూ ఒక రాత్రీ వంతెన ఆ బరువు కింద నిలబడింది.
ఆవిడ గంటగంటకీ టార్చి వేసి రాసుకుంది.

"ఎంత వంగిందండీ?" అన్నాను.
"మూడు మిల్లీమీటర్లు."
"బరువు తీస్తే?"
"దాదాపు అంతా వెనక్కొచ్చేసింది. గట్టి వంతెన."

ముప్ఫై రెండేళ్ళుగా మోస్తున్నాను.
ఈ నడుం కింద ముల్లెవరూ పెట్టలేదు.
బరువు తీసినా వెనక్కి రానిది ఎంతో
పొద్దున్నే పంచె బిగించేటప్పుడు తెలుస్తుంది.

కోతల రెండు నెలలూ, పగటిపూట,
తేమ చీటీ ఉన్న ధాన్యం బండ్లకి దారి వదలమని ఉత్తర్వు.
గట్టు మీద గ్రావెలు పోశారు. మలుపు దగ్గర తుమ్మ కొట్టేశారు.
మొదటి లారీ ముందు
లోవరాజు వెనక్కి నడుస్తూ తువ్వాలు ఊపాడు.
"రానీ, రానీ... ఎడం కొట్టు... రానీ..."
పెళ్ళికొడుకుని తెస్తున్నంత సంబరం.
కళ్ళం దాకా వచ్చింది బండి.
ఒక్క ఎత్తుడు. మధ్యాహ్నానికి అయిపోయింది.
మబ్బు పట్టింది గానీ
తడవడానికి దానికేమీ దొరకలేదు.

నాకు సంతోషమైంది. అది నిజం.
నాలుగొందలు తొమ్మిదుల మూడువేల ఆరొందలు
అవతలి ఒడ్డున ఉండిపోయాయి. అదీ నిజమే.
లోవరాజు బీడీకట్ట చాపాడు.
"రెండు తీస్కో," అన్నాడు, నా వంక చూడకుండా.
ఒకటే తీసుకున్నాను.

వంతెన మొగనున్న పాత బోర్డు పీకి పడేస్తే
నూకరత్నం పట్టుకుపోయి
బాతుల దొడ్డికి తలుపు చేసుకుంది.
పది టన్నులు మించిన వాహనములు రాకూడదు.
సాయంత్రం కోడులోంచి
తడిపొట్టలు ఊపుకుంటూ
ఒకదాని వెనక ఒకటి
లోపలికి వెళ్తున్నాయి.