కప్పు

ఢిల్లీ నుంచి కమిటీ వస్తుందని
మూడు రోజుల ముందే కబురు.
సిరొంచ ఆఫీసులో పంకాల రెక్కలు తుడిచారు.
ఇప్పలగట్టు బాటలో గుంతలన్నిటికీ ఎర్రమన్ను పోసి
తొక్కించే తీరిక లేక
నీళ్లు చల్లి వదిలేశారు.

నేను గ్రామసేవక్‌ని.
మరాఠీలో రాస్తాను, తెలుగులో తిట్లు తింటాను.
జీతం మాత్రం ఒక్క భాషకే.

నా రిజిస్టరులో నలభై ఒకటో వరస:
దుర్గం చిన్నుబాయి, ఘర్కుల్ మంజూరు.
పునాదికో కిస్తు. లింటెల్‌కో కిస్తు.
ఆ పక్క గడిలో నా చేతిరాత:
"పూర్ణ్".
కింద తేదీ, మార్చి ముప్పై ఒకటి.

ఆ రాత్రి పదకొండింటికి ఫోను,
పైసలు వాపసు పోతాయి, ఫోటో పెట్టెయ్ అని.
టార్చి పట్టుకుని పోయాను.
పక్కింటి లస్మయ్య రేకుల ఇంటిని
కొంచెం వాలుగా నిలబడి తీశాను.
ఆకాశంలో తిరిగే యంత్రానికి పదిగజాల తేడా ఏం తెలుస్తుంది?
తెలిసినా అది సాక్ష్యానికి రాదు.

కమిటీ వాగు దాటలేదు.
కార్లు దిగబడతాయని మేమే చెప్పాం.
లబ్ధిదారులనే బడి వరండాకు పిలిపించి
చాపల మీద కూర్చోబెట్టాం.
ఎదురుగా ఆరు కుర్చీలు, తెల్లటి తుండుగుడ్డలు,
పూలున్న పింగాణీ కప్పుల్లో చాయ్.

వచ్చినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. అదే నా బాధ.
కళ్లద్దాలావిడ పెన్సిలుతో లెక్కలు వేసుకుంటోంది,
ఎంత వచ్చింది, ఎంత దిగింది,
రెండిటి నడుమ ఎంత ఆగింది
అని నిజంగానే అడిగింది.
డోంగ్రే సారు జిల్లా కాగితం చదివారు.
కాగితంలో ఏదీ ఆగలేదు.

అప్పుడామె పెన్సిలు పక్కన పెట్టి
చిన్నుబాయి వైపు వంగింది.
ఏమైనా తక్కువుందా అమ్మా?
డోంగ్రే సారు దాన్ని తెలుగు చేశారు.
నాగపూర్ మనిషి, పదకొండేళ్లలో
పట్టుమని ఇరవై తెలుగు మాటలు నేర్చారు.
నీళ్లు, అన్నం, రా, పో, సంతకం, కప్పు.

చిన్నుబాయి కొంగు సర్దుకుంది.
ముగ్గురు పెద్దమనుషులను, నన్ను, మళ్లీ ఆవిడను చూసింది.
"కప్పు లేదు సారూ" అంది.

డోంగ్రే సారు నవ్వేశారు.
చాయ్ కప్పు అందలేదంటోంది మేడమ్!
అందరూ నవ్వారు. ప్యూన్ నాలుక కరుచుకున్నాడు.
కళ్లద్దాలావిడ లేచి, తన కప్పునే
రెండు చేతులతో ఇచ్చింది.

నాకు తెలుసు.
ఇంటికి కప్పు అంటే ఏమిటో మరాఠీలో తెలుసు,
హిందీలో తెలుసు, వర్షాకాలంలో ఇంకా బాగా తెలుసు.
నోట్లో మాట తయారుగా ఉంది.
దాని వెనకే నా సంతకం నిలబడి ఉంది.
చాయ్ చల్లారేదాకా
నా కాలి బొటనవేలు వరండా గచ్చు మీద
ఏదో గీస్తూనే ఉంది.

చిన్నుబాయి మెల్లగా, చప్పుడు లేకుండా తాగింది.
నా వైపు మళ్లీ చూడలేదు.

శ్రావణంలో నివేదిక వచ్చింది, తపాలాలో, తడిసి.
డెబ్బై పేజీలు. మా ఊరికి రెండు పంక్తులు.
లబ్ధిదారులు సంతృప్తి తెలిపారు;
చిన్న అసౌకర్యం అక్కడికక్కడే పరిష్కారమైంది.

ఆ రాత్రే కంప్యూటరు తెరిచాను.
నలభై ఒకటో వరస.
పూర్ణ్ మీద ఎన్నిసార్లు నొక్కినా కదలదు.
మొదలుపెట్టడానికి మీట ఉంది,
ముగించడానికి ఉంది,
ముగియలేదని చెప్పడానికి లేదు.

తెల్లారి వాగు దాటి పోయాను.
లింటెల్ పైన ఇనుప చువ్వలు,
వాటికి కట్టిన నీలం తాటిపత్రి,
దానికి చిల్లు.
చిల్లు కింద, సరిగ్గా కింద,
పూల కప్పు. నిండడానికి ఇంకా వేలెడు ఉంది.

ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ గడపలో నిలబడ్డాను.
ఆమే ముందుగా లేచి,
కప్పులో నీళ్లు బయటికి వంపి,
కొంగుతో తుడిచి ఇటు చాపింది.

"దీనికోసమేనా వచ్చినవ్ సారూ?
వాపస్ ఇయ్యాల్నా?"