మోటారు బాకీ

సుంకులమ్మ నాకు ఇయ్యాల్సింది
మూడువేల ఎనిమిదినూర్లు.
ఒకటే మోటారు, నాలుగుసార్లు కాలింది,
నాలుగుసార్లూ నేనే చుట్టినాను.
అయిదోసారి మోటారు బాగానే ఉండింది.
ఏడునూర్ల అడుగుల కింద
నీళ్లే లేవు.

చీనీ తోట కొట్టేసేరోజు కబురు పంపింది.
"దుడ్లు లేవు నాయనా, కట్టెలు తోలుకోపో."
బొగ్గుబట్టీ లారీ అప్పటికే గెనిమ మీద ఉంది.
ఇరవైరెండేండ్ల చెట్లు
రంపం కింద అంత పసుప్పచ్చగా ఉంటాయని
నాకు ఆరోజే తెలిసింది.

చివరి వరసలో, కారే వాల్వు పక్కన,
ఒక చెట్టుకు ఇంకా నాలుగాకులున్నాయి.
"ఇది వేర్లతో ఇయ్యి, చాలు" అన్నాను.
ఎండదెబ్బ తగిలినోణ్ణి చూసినట్టు చూసింది.

నా షాపులో, రాగితీగ కంపెనీ క్యాలెండరు.
నెలలు అయిపోయినా ఏప్రిల్ కాగితం చింపలేదు నేను.
పళ్లెంలో చెట్టు. చెట్టుకు కాయ.
అంతకు మించి నాకు తెలిసిన విద్య లేదు.

మోకాలెత్తుకు కోసినాను.
తల్లివేరు దగ్గర మాత్రం చెయ్యాడలేదు.
టీ తాగొచ్చి కోసినాను.
పాలిష్ మిషను దాదాఖలందరు
నల్లబండ ముక్కలు అతికించి తొట్టి చేసినాడు.
"ఎవరికి, గోరీ?" అని అడిగి,
అయినా అడుగున నాలుగు తూట్లు పెట్టినాడు.

రోజుకొక చెంబు.
ట్యాంకరు వచ్చినరోజు రెండు.
పైనంతా ఎండి బెరడు రాలింది.
పారేద్దామనుకున్న వారం
మన్నుకు రెండంగుళాల మీద
ఎర్రగా ఒక మొటిమ,
ముల్లుతోపాటే పుట్టిన చిగురు.

ఆమె మోటారులోంచి విప్పిన పాత తీగ
మూలన మూటగట్టి ఉండె, మాడి నల్లగా.
దాంతోనే కొమ్మలు వంచినాను.
లెక్కతప్పని చెయ్యి నాది,
అంగుళానికి మూడుచుట్లు.
నీళ్లు తోడేదానికి చుట్టిన తీగను
నీళ్లడగని చెట్టుకు చుడతా ఉన్నానని
నవ్వొచ్చింది, కొంచెం.

అయిదేండ్లకు సుంకులమ్మ
సంచిలో మిక్సీ పెట్టుకొని వచ్చింది.
ఇప్పుడు బండల యార్డులో ముక్కలేరే పని.
జుట్టులో, కనురెప్పల్లో, రాతిపిండి.
గడప దాటకుండానే చెట్టును చూసింది.
నేను గొప్పగా చెప్పబోయినాను, నీదే అని.

ఆకు తుంచి, నలిపి, వాసన చూసి,
"ఇది నా చీనీ గాదప్పా" అంది.
"దాని కింద ఉన్నది.
కోడూరు నర్సరీలో దీనిమీద అంటు కట్టిచ్చుకొస్తిమి.
జంబేరి."
ముల్లును గోటితో తడిమింది.
"కింద చిగురేసినప్పుడల్లా గిల్లి పారేసినా,
పైదాని బలం తింటాదని.
ఇరవైరెండేండ్లు గిల్లినానే దీన్ని."

ఇంకేమీ అనలేదు.
కొమ్మ బెరడులో దిగిపోయిన తీగను
గోరుతో లేపి, లేపి,
ఒక చుట్టు వదులు చేసింది.
అక్కడ చెట్టుకు మచ్చ,
నా లెక్కంత తిన్నగా.

ఒకటే కాయ ఉండె, గరుకుది, బేరింగంత.
అడక్కుండానే కోసింది.
ఇన్సులేషన్ కాగితం కోసే బ్లేడుతో రెండు చేసి
నా క్యారియర్ మూతలో ఉప్పు అద్ది
నాకొక చెక్క ఇచ్చింది.
పులుపు.
ఇద్దరికీ ఎడమకన్నే మూసుకుపోయింది.
"అమ్మా, ఇంత ఉందా దీంట్లో" అని
తొక్కను కూడా నమిలింది.

మిక్సీ విప్పి చూస్తే తీగ బాగానే ఉంది,
కార్బన్లు అరిగినాయి, అంతే.
ముప్పై రూపాయలన్నాను.
కొంగులోంచి తీసి చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.
మూడువేల ఎనిమిదినూర్ల మాట
ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.
పోతా పోతా చెంబు ముంచి
తొట్టిలో పోసింది.
ఆరోజు నేను ఒకసారి పోసే ఉన్నాను.
చెప్పలేదు.