ఇంటూ

పొద్దున్నుంచీ ఒకటే ముసురు. పడవలేవీ కదల్లేదు.
న్యూఫౌండ్లాండ్ దక్షిణపు అంచున
పదకొండుమంది పిల్లలున్న మా మూడో తరగతిలో
ఇవాళ పాఠ్యపుస్తకం తెరవలేదు.
ఆ కాలానికి అందులో ఉన్నది ఒక్కటే వాక్యం:
"జాలరులు దుకాణదారుని వద్ద అరువు తెచ్చుకొనేవారు."

దానికి బదులు
చర్చి నేలమాళిగలో దొరికిన ఖాతా పుస్తకం బల్ల మీద పెట్టాను.
"చేతులు తుడుచుకోండి. తుమ్మొస్తే అటు తిరగండి."
ముందు వాసన చూశారు.
"చేపలు" అన్నాడొకడు. "కిరసనాయిలు" అంది కెజయా.
రెండూ నిజమే.

పందొమ్మిది వందల పదకొండు, అక్టోబరు.
పిండి ఒక పీపా. టీ ఆకు. వల దారం.
చిన్న బూట్లు ఒక జత, దాని మీద అడ్డగీత.
"ఎందుకు కొట్టేశారు?"
"సైజు చాల్లేదేమో."
"డబ్బుల్లేవేమో."
"ఆ పాపకి నచ్చలేదేమో."
ఏమో. ఏమో.
చరిత్ర మొదలయ్యేది ఈ రెండక్షరాల దగ్గరే అని
పైకి అనలేదు, నోట్లోనే ఉంచుకున్నాను.

అట్టడుగున 'అబ్సలొమ్ పార్డీ' అని ఎవరిదో గుండ్రటి దస్తూరీ,
పక్కన వణుకుతూ ఒక ఇంటూ.
"టీచర్, ఈయనకీ తప్పొచ్చిందా?"
ఎంత ఆశగా అడిగాడో ఓరిన్!
వాడి ఎక్కాల పుస్తకం నిండా నావే ఎర్ర ఇంటూలు.
"తప్పు కాదురా, సంతకం. అక్షరాలు రానివాళ్ల నిశానీ."

ఇక ఇంటూల వేట.
ఒకటి, ఒడ్డున పడేసిన రెండు తెడ్లలా.
ఒకటి, కాగితం చిరిగేంత కోపంగా.
పార్డీల అమ్మాయి మాత్రం
"మా ఇంటిపేరు" అని గొణిగి
ఆ వణుకు పక్కన వేలు పెట్టి, ముట్టుకోకుండా, అలాగే ఉండిపోయింది.

కెజయా పెదాలు కదుపుతూ అంకెలు కూడుతోంది.
"నలభై ఒక డాలర్లు రావాలి. నలభై మూడని రాశారు."
మళ్లీ కూడాం. బోర్డు మీద, కింద నుంచి పైకి కూడా.
నలభై ఒకటే.
"పొరపాటా టీచర్, మోసమా?"
కాగితం చెప్పదు.
"మరి చదవడం రాని ఆయనకి ఎలా తెలుస్తుంది?"

తప్పు పైన ఉంది.
ఇంటూ కింద ఉంది.
గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

రాత్రి, దీపం కింద ఓరిన్ పుస్తకం.
ఏడెనిమిదులు యాభై నాలుగట.
ఎర్ర పెన్నుతో ఒక గీత గీశాను,
దాన్ని దాటే రెండో గీతకి చెయ్యి రాలేదు.
పక్కన రాశాను:
"నీకు ఇదెలా వచ్చిందో రేపు నాకు చెప్పు."