రెండు గంటల దిక్కు

గుజరాతీ గల్లీల మా దుకాణం మెట్టు మీద
ఆటో దింపిపోయిన ఇరవై రెండు కిలోల బరువు.
ఇద్దరం పట్టి బల్ల మీదికెక్కించినం.
మొఖమంతా గీతలు పడని అల్యూమినియం,
నాబులు గూడ లోహమే. తిప్పితే
ఇనప్పెట్టె తాళం తీస్తున్నంత నింపాది.

మూత ఇప్పినంక హషం భాయ్ మాట బందయింది.
ఎన్ని రేడియోల పొట్టలు కోసిండో ఈ మనిషి,
అద్దాలు తుడుసుకొని మల్ల వంగిండు.
నడుమ ట్రాన్స్‌ఫార్మర్, బిందెడంత.
దానికి ఆ పక్కొక చానెల్, ఈ పక్కొక చానెల్
అద్దంల ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు.
వైర్లన్నిటికీ మైనం దారంతోని జడ.
"దేఖ్ రే, ఎవ్వరు చూడని కాడ గూడ
దువ్వెన పెట్టిండు."

పెద్ద కెపాసిటర్లు నాలుగూ
పూరీల తీరు పొంగినయ్. మార్చినం.
రిలే కాంటాక్టులు తుడిచినం.
బయాస్ కుదిరేదాక
వెంట్రుక వాసి, ఇంకో వెంట్రుక వాసి తిప్పుకుంట
రెండు చాయ్‌లు చల్లారబెట్టినం.

ఒక్కటే సమజ్ కాలే.
బ్యాలెన్స్ నాబ్ రెండు గంటల దిక్కు మొండికేసింది.
ఇరవై ఏండ్లు ఎవ్వరు కదిలియ్యనట్టు
లోపల పట్టీకి అక్కడ తప్ప అంతట చిలుం.
ఎడమ చానెల్ నీరసపడ్డదేమో అనుకున్నం.
కొలిస్తే, రెండూ సమానం.
స్ప్రే కొట్టి, గుంజి,
పన్నెండు మీద నిలబెట్టిండు హషం భాయ్.

శనివారం దమయంతమ్మ వచ్చింది.
మీట నొక్కితే
మూడు లెక్కబెట్టేంత సప్పుడు లేదు,
తర్వాత లోపల టక్కుమని రిలే,
మీటర్లల్ల తేనె రంగు వెలుగు,
గల్లీ హారన్ల నడుమ సన్నాయి.
"బాగుంది" అన్నది, బాగలేనట్టు.
వేలు పెట్టి తనే నాబును జరిపింది,
రెండు గంటల దిక్కు.

"ఆజామాబాద్ల ప్రెస్సు పని ఆయనది.
మిషిన్ పక్క చెవి, ఎడమది, పోయింది.
పాట పెడితే నేనటే కూసుంటుంటి,
చిక్కుడుకాయలు తుంచే సప్పుడు ఇనొద్దని.
నా దిక్కు సన్నాయి ఎప్పుడూ గింతనే వచ్చేది."

హషం భాయ్ బిల్లు మల్ల చేతిలకు తీసుకున్నడు.
కెపాసిటర్లు, రిలే, మజూరీ.
బ్యాలెన్స్ నాబ్ సాఫ్ చేసినందుకు రాసిన
నూటాయాభై మీద
అడ్డంగ గీత కొట్టిండు.

ఆటోవాలా బరువు చూసి
ఇంకో ఇరవై అడిగిండు.