డిడిమియం కళ్ళద్దాలు

మొదటి రోజు నాకేమీ కనిపించలేదు.
బర్నర్ మంటలో గాజుకడ్డీ పెట్టానో లేదో
భగ్గుమని పసుపు.
ఆ పసుపు వెనక ఎక్కడో కరిగిపోతూ నా గాజు గుర్రప్పిల్ల.
కాళ్ళు మూడో నాలుగో కూడా తెలియలేదు.

"సోడియం," అన్నాడు వెందెలీన్ మేస్త్రీ.
"గాజులో ఉంది, వేడి తగిలితే అరుస్తుంది.
దాని నోరు మూయించేవి ఇవి."
ఒక కాడ విరిగితే తీగ చుట్టిన
తన కళ్ళద్దాలు నా ముక్కు మీద పెట్టాడు.

మంట ఆరిపోయిందనుకున్నాను.
ఆరలేదు. కడ్డీ చివర
పాకంలా సాగుతున్న గాజు, దాని అంచు, దాని వణుకు,
నాలుగో కాలు.

కామెర్ల కళ్ళకు లోకమంతా పచ్చన.
ఇవి తిరగేసిన కామెర్లు:
బియ్యంలో రాయిని ఏరినట్టు
లోకంలోంచి ఒక్క పసుపునే ఏరి పారేస్తాయి.

లాంథనానికి కవల అని పేరు పెట్టారట దీనికి.
నలభై ఏళ్ళు దాటాక విడదీస్తే
కవల కడుపులో మళ్ళీ ఇద్దరు!
ఒకడి లవణాలు ఉల్లికాడ పచ్చ,
ఇంకొకడివి లేత వంగపూవు.
అరుదన్నది పేరుకే, మట్టిలో సీసం కన్నా ఎక్కువే;
చుట్టాల గుంపులోంచి
ఒక్కణ్ణి బయటికి లాగడమే గగనం.
లాగినా గాలి పడదు వాడికి,
ఊరగాయ ముక్కలా నూనెలో ముంచి దాచాలి.
ఇప్పుడు ఇనుముతో వియ్యమంది
గాలిమరల లోపల అయస్కాంతమై కూర్చున్నాడు.
ఇవన్నీ మేస్త్రీ చెప్పినవే,
సాసేజీ కొరుకుతూ, సగం సగం.

ఆయన ఇంట్లో నియోడిమియం కలిపిన కూజా ఒకటి.
పగలు దుమ్ము తుడిచే వ్లస్తా దాన్ని వంగపూ రంగు అంటుంది.
రాత్రి ట్యూబులైటు కింద సూపు తాగే ఆయన
నీలం అంటాడు.
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే తగువు.
ఆదివారాలు మాత్రం ఆయన ఓడిపోతాడు,
ఒప్పుకోడు.

నిన్న పని ముగించి, తీయడం మరిచి,
అద్దాలతోనే బయటికొచ్చాను.
ఝెలెజ్నీ బ్రోద్ వంతెన మీద ఇంకా పాత సోడియం దీపాలే.
ఒక్కటీ వెలగడం లేదు.
కింద యిజెరా నది చప్పుడు,
పైన నేనెన్నడూ ఈ ఊళ్ళో లెక్కపెట్టనన్ని చుక్కలు.

కరెంటు పోయిందా అని
ఎదురొచ్చినాయన్ని అడగబోయాను.
ఆయన హాయిగా పేపరు చదువుకుంటూ నడుస్తున్నాడు.

తీద్దామని చెయ్యెత్తాను.
వంతెన దాటాక చూద్దాంలే అనుకున్నాను.