అచ్చుతప్పు

గవర్నరుపేట సందులో, మెట్ల కింది ప్రెస్సులో
ఇరవై రెండేళ్ళు తిరగేసిన తెలుగు చదివాను.
తలకట్లు కిందికి, వత్తులు వేరే గళ్ళలో,
సున్నాలు ఎప్పుడూ తక్కువే పడేవి.

ఆ వేసవిలో పోటీ పరీక్షల గైడు పని.
కాగితాలు చెమటకి మోచేతులకి అంటుకుంటున్నాయి,
బందరు కాలువ మీంచి గాలి కూడా లేదు.
నూట పన్నెండో పేజీలో చెరోకీలు వచ్చారు.

ఐదే లైన్లు. రెండు మార్కుల ప్రశ్న.
చదువురాని కంసాలి ఒకడు
తన జనం నోటి మాటల్ని తుంపులు తుంపులుగా విరిచి
ఎనభై అయిదు గుర్తులు చేశాడట.
పిచ్చివాడన్నారట. కూతురు మాత్రం నేర్చుకుని
అందరి ముందూ చదివి చూపించిందట.
కొన్నేళ్ళకే ఇంటింటా చదువు.
సీసంతో అక్షరాలు పోతపోయించి
సొంత పత్రిక వేసుకున్నారట –
నా చేతిలో స్టిక్కు ఆగింది.

మిగతాది గైడులో లేదు,
ప్రూఫులు దిద్దే శేషఫణి గారు చెప్పారు:
ప్రెస్సుని సిపాయిలు ఎత్తుకుపోవడం,
మనుషుల్ని చలిలో వందల మైళ్ళు నడిపించడం,
పోయినచోట వాళ్ళు మళ్ళీ బడులే కట్టుకోవడం,
ఆడపిల్లలకైతే ఇటుకల మేడ.
ఆ తర్వాత వేరేవాళ్ళ బడులు.
జుట్టు కత్తిరించేవి,
ఇంటి మాట వస్తే నోట్లో సబ్బు పెట్టేవి.

మా అమ్మకిది కొత్త సంగతేం కాదు.
కృష్ణ అవతల సెటిల్మెంటులో
తెల్లారి హాజరు, పొద్దుగూకి హాజరు, నడుమ బడి.
కుర్రు భాషలో మంచినీళ్ళు అడిగినందుకు
మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టారు.
అంతే, పలక వదిలేసి ఈతబెత్తు పట్టింది.

ఆ రాత్రి అందరూ వెళ్ళాక
అమ్మ అడిగిన ఆ నీళ్ళ మాటని కూర్చాను.
కుదరదే!
చివర్లో ముక్కులోకి జారే చప్పుడుకి
నా గళ్ళలో అచ్చు లేదు.
దగ్గరగా ఉన్నదేదో పెట్టి
చెరోకీల పేరా కింద ఇరికించాను.

పొద్దున శేషఫణి గారు ఎర్ర సిరాతో చుట్టి రాశారు:
"అచ్చుతప్పు. ఇలాంటి మాట లేదు."
మంచి మనిషే ఆయన.
తీసేశాను.
తీసినవి గళ్ళలో వేయలేదు, జేబులో వేసుకున్నాను.

అమ్మ అరచేతిలో ఎగరేసి చూసింది.
"వల గుండ్లా?"
కాదే, ఆనాడు నువ్వడిగిన మంచినీళ్ళు.
బెత్తు చీల్చడం ఆపకుండానే
"ఇప్పటికి తెచ్చారా" అంది.