కొరివికారం

హల్ నగరంలో బస్సు డ్రైవరు కూడా
చిల్లర అందుకుంటూ "లవ్" అంటాడు.
నాకూ అంటుకుంది ఆ మాట.
ఏడో గదిలో డోరీన్ మడమలకు మందు రాస్తూ
"నొప్పా, లవ్?" అంటాను,
పన్నెండు గంటల డ్యూటీలో ఎన్నిసార్లో.

ఇంటికొచ్చి నా మడమలకూ రాసుకుంటాను.
విటమిన్ డి మాత్ర, నానబెట్టిన బాదంపప్పు,
ఆదివారం హంబర్ ఒడ్డున ఎదురుగాలిలో
ఆరువేల అడుగులు.
అన్నీ వేళకే.
నా చార్టులో ఒక్క గడీ ఖాళీ ఉండదు.

చేతులు మంచివే. నోరే…
తాళంచెవి మరిస్తే "మొద్దు మొహమా",
అన్నం అడుగంటితే
"నీ బతుకింతేనే సువార్తా".
ఆ మాట డోరీన్‌తో అనుంటే
మధ్యాహ్నానికల్లా ఉద్యోగం ఊడేది.

మొన్న రాత్రి
నేనే నూరి పెట్టుకున్న కొరివికారం సీసా
చేతిలోంచి జారింది.
వంటింటి నేలంతా ఎరుపు, గాజు, వెల్లుల్లి.
మోకాళ్ళ మీద కూర్చుని
తిట్టు కోసం ఎదురుచూశాను.
అలవాటైన తిట్టు, నాలుక చివరే ఉంటుంది.

"తెగిందా, లవ్?"

ఎవరా అని వెనక్కి తిరిగాను.
ఫ్రిజ్ మూలుగు తప్ప ఎవరూ లేరు.

ఇన్నేళ్ళూ
రోగిని చూసుకున్నట్టే చూసుకున్నాను నన్ను.
రోగిని పలకరించినట్టు
ఒక్కనాడూ పలకరించలేదు.

వేలు కొద్దిగా తెగింది, మండింది.
"ఆఁ, కొంచెం" అన్నాను పైకే.
నేల తుడవకుండా
అక్కడే చాలాసేపు కూర్చున్నాను.
కళ్ళ వెంట నీళ్ళంటారా,
కారం ఘాటు అనుకోండి.